పదమూడు కొట్టాక కూడా ఎందుకు ఆపలేదు?

పోయిన జూన్‌లో సెమ్ ఎగ్జామ్స్ అయిపోయి డోర్నకల్ వెళ్లినప్పటి సంగతి. రాత్రి అన్నాలు తిన్నాక నేను, చెల్లె, మా బాపు ఒక్క ఫోన్ ముందు కూర్చుని హైలైట్స్ చూస్తున్నాం. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు మంగోలియాతో ఆడిన మ్యాచ్ అది. స్కోరు 13–0. చెల్లెకు ఆ మ్యాచ్ మీద ప్రత్యేకమైన ప్రేమ ఎందుకంటే మన జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. గుగులోత్ అనే ఇంటిపేరు మా చుట్టుపక్కల తండాల్లో ఎంత మామూలో మహబూబాబాద్ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. చెల్లె క్లాసులోనే ముగ్గురున్నారట.

తొమ్మిదో గోల్ దాకా బాపు ఏమీ అనలేదు. పదో గోల్ తర్వాత మాత్రం ఆగలేకపోయాడు.

"ఏందిరా గిది? గెలిచిండ్రు గదా. ఇంకెందుకు కొట్టుడు? పాపం, ఆ పిల్లల మొఖాలు సూడు."

నేను హాస్టల్లో ఫుట్‌బాల్ పండితుడినని పేరున్నవాణ్ని. "గోల్ డిఫరెన్స్ కోసం బాపూ" అన్నాను గొప్పగా. "అంటే?" అన్నాడు. చెప్పబోయాను. చెప్పాలంటే ముందు గ్రూప్ అంటే ఏంటో చెప్పాలి. దానికి ముందు నాకౌట్ గురించి చెప్పాలి. ఈలోపు చెల్లె ఇంకో ప్రశ్న వేసింది. "అన్నా, వాళ్లకు నాలుగు మ్యాచ్‌లు ఎట్లున్నయ్? మాకు ఒక్కటే ఎందుకు?"

దాని ప్రశ్న వెనుక ఒక కథ ఉంది. అంతకు ముందు ఏడాది వాళ్ల స్కూలు టీమ్ ఒక టోర్నమెంటుకు వెళ్లింది. తెల్లారుజామున లేచి, పులిహోర కట్టించుకుని, బస్సెక్కి పోయారు. మొదటి మ్యాచ్ 0–1తో ఓడిపోయారు. అంతే, అయిపోయింది. పదకొండు గంటలకే మళ్లీ బస్సెక్కారు. డబ్బాల్లో పులిహోర అట్లాగే ఇంటికొచ్చింది. మా అమ్మకు ఓటమి కంటే పులిహోర తిరిగి రావడమే ఎక్కువ బాధ. చెల్లె మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇద్దరికీ సగం సగం చెప్పి పడుకున్నాను. ఇప్పుడు 2026 వచ్చేసింది. మార్చిలో ఆస్ట్రేలియాలో మహిళల ఆసియా కప్, జూన్ 11 నుంచి అమెరికా, కెనడా, మెక్సికోల్లో పురుషుల ప్రపంచ కప్. మన హాస్టల్లో సగం మంది జెర్సీలు వేసుకుని తిరుగుతారు గానీ "మూడో స్థానంలో వచ్చినోళ్లు కూడా పైకెట్లా వెళ్తార్రా?" అని అడిగితే తల గోక్కుంటారు. క్రికెట్ తప్ప ఇంకేం చూడని మిత్రుల కోసం, మా బాపు కోసం, ఆ రోజు సగంలో ఆపిన మాటలు ఇక్కడ పూర్తి చేస్తున్నా.

మొదట నాకౌట్. అందరికీ తెలిసిందే, ఓడితే ఇంటికి. మా ఊరు రైల్వే జంక్షన్ కాబట్టి నాకిది పట్టాల బొమ్మలాగే కనిపిస్తుంది. డోర్నకల్‌లో కొత్తగూడెం వైపు భద్రాచలం రోడ్ నుంచి వచ్చే లైను పెద్ద లైనులో కలిసి, రెండూ ఒకటిగా పోతాయి. నాకౌట్ కాగితం మీద గీస్తే ఇదే బొమ్మ. రెండు గీతలు కలిసిన చోట ఒక మ్యాచ్, అక్కణ్నుంచి ఒక్క గీతే ముందుకు. రైళ్లు రెండూ పోతాయి గానీ, ఇక్కడ ఒకటి ఆగిపోతుంది.

దీని లెక్క చాలా తేలిక. ఒక్కో మ్యాచ్ ఒక్కో జట్టును ఇంటికి పంపుతుంది. చివరికి ఒక్కటి మిగలాలి. కాబట్టి 16 జట్లుంటే 15 మ్యాచ్‌లు, 32 ఉంటే 31. ఒక జట్టు తక్కువ, అంతే. గ్రౌండు ఒకటే ఉన్నప్పుడు, పిల్లలను రాత్రికి ఉంచడానికి చోటు లేనప్పుడు, డబ్బుల్లేనప్పుడు ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. చెల్లె వాళ్లకు ఒక్క మ్యాచే ఎందుకు దొరికిందంటే కారణం ఇదే. ఎవరికీ వాళ్ల మీద పగ లేదు. కానీ ఇంకో లెక్క కూడా ఉంది, అది చెల్లె వేసింది. నాకౌట్‌లో వచ్చిన జట్లలో సగం మొదటి మ్యాచ్‌తోనే ఇంటికి పోతాయి. పదహారు బస్సులొస్తే ఎనిమిది బస్సులు మధ్యాహ్నానికే వెనక్కి.

నాకౌట్‌కు ఇంకో గుణం ఉంది. అది అదృష్టాన్ని చాలా పెద్దది చేస్తుంది. మన దేశం ఫుట్‌బాల్‌లో ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడిందంటే మీలో ఎంతమంది నమ్ముతారు? 1956 మెల్‌బోర్న్. కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, అందరూ రహీమ్ సాబ్ అనేవారు, వృత్తికి స్కూలు టీచరు. జట్టులో హైదరాబాదీలు చాలామంది. ఆ టోర్నమెంటు పూర్తిగా నాకౌట్. మొదట హంగరీతో ఆడాలి, వాళ్లు రాలేదు, వాకోవర్. తర్వాత ఆస్ట్రేలియాను 4–2తో కొట్టారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. అంతే, సెమీఫైనల్! అక్కడ యుగోస్లావియా చేతిలో 1–4, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0–3. గెలిచింది ఒక్క మ్యాచే, వచ్చింది నాలుగో స్థానం. వాళ్ల ఆటను తక్కువ చేయడం లేదు, ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీద కొట్టడం చిన్న విషయం కాదు. కానీ గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి ఒక్క గెలుపు ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడండి.

నాకౌట్‌కు పూర్తిగా ఎదురు పద్ధతి లీగ్. అందరూ అందరితో ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ఒక రోజు జ్వరమొచ్చి ఓడినా ఇంకో రోజు సరిచేసుకోవచ్చు. న్యాయం ఎక్కువ, అదృష్టం తక్కువ. మరి ప్రపంచ కప్ మొత్తం ఇట్లాగే పెట్టొచ్చు కదా? పర్మ్యుటేషన్స్ అండ్ కాంబినేషన్స్ ఇంటర్‌లోనే వదిలేసి వచ్చామనుకున్న వాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 48 జట్లలోంచి రెండేసి చొప్పున, 48 ఇంటూ 47 బై 2, అంటే 1,128 మ్యాచ్‌లు. రోజుకు నాలుగు ఆడినా తొమ్మిది నెలలు పడుతుంది.

చిన్న టోర్నీలకైతే లీగ్ బాగానే పనిచేస్తుంది. 2024 సెప్టెంబర్‌లో మన గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. ఇండియా, సిరియా, మారిషస్, మూడే జట్లు. మూడు మ్యాచ్‌లతో అయిపోయింది. ఇండియా–మారిషస్ 0–0. సిరియా మారిషస్ మీద 2–0. ఆఖరి మ్యాచ్‌లో సిరియా మన మీద 3–0. సిరియాకు 6 పాయింట్లు, కప్పు వాళ్లది. మనకు, మారిషస్‌కు చెరొక పాయింటు. మరి రెండో స్థానం ఎవరిది? మారిషస్‌ది. ఎందుకంటే వాళ్లు 2 గోల్స్ తేడాతో ఓడారు, మనం 3 గోల్స్ తేడాతో ఓడాం. గోల్ డిఫరెన్స్ అంటే ఇదే, కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేయడం. దీని దగ్గరికి మళ్లీ వస్తా, బాపు ప్రశ్న ఇంకా బాకీ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ పెద్ద టోర్నీలన్నీ ఈ రెండింటినీ కలిపి వాడతాయి. ముందు నలుగురేసి జట్లతో చిన్న చిన్న గ్రూపులు, ఒక్కో గ్రూపులో లీగ్. అందులో పైన నిలిచిన వాళ్లతో తర్వాత నాకౌట్. మన భాషలో చెప్పాలంటే మొదటి సగం ఇంటర్నల్స్ లాంటిది, ఒక మిడ్ పాడైనా ఇంకో మిడ్ కాపాడుతుంది. రెండో సగం ఎంట్రన్స్ పరీక్ష, ఆ మూడు గంటలే లెక్క.

ఈ కలిపిన పద్ధతి ఏం చేయగలదో చెప్పడానికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ మెస్సీది కాదు, మన రహీమ్ సాబ్‌దే. 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఫుట్‌బాల్‌లో ఎనిమిది జట్లు, నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరు సెమీఫైనల్‌కు. మన గ్రూపులో దక్షిణ కొరియా, థాయ్‌లాండ్, జపాన్. మొదటి మ్యాచే కొరియా చేతిలో 0–2తో పోయింది. నాకౌట్ అయ్యుంటే కథ అక్కడే ముగిసేది. రహీమ్ సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. కానీ అది గ్రూపు. థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో కొట్టి గ్రూపులో రెండో స్థానంతో గట్టెక్కారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3–2. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా ఎవరు? మళ్లీ అదే కొరియా.

ఇక్కడ బాపు అడ్డం పడ్డాడు. "ఒక్కసారి ఓడినంక మళ్ల వాళ్లతోనే ఫైనలా? గట్లెట్ల?" గట్లనే బాపూ. గ్రూపులో గెలుపోటములు నాకౌట్‌లోకి రావు, పలక తుడిచేసినట్టే. ఇండియా 2–1తో గెలిచింది. పీకే బెనర్జీ ఒకటి, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఇంకొకటి. జర్నైల్ అసలు డిఫెండరు, ఆయన్ను ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించింది రహీమ్ సాబే. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. తర్వాతి ఏడాది జూన్‌లో రహీమ్ సాబ్ చనిపోయారు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఇండియా ఆసియా క్రీడల స్వర్ణం మళ్లీ గెలవలేదు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఇదంతా తెలుసు, కాకపోతే సినిమా చూసి వచ్చినప్పుడు అందరం ఏడ్చామే గానీ గ్రూపు పట్టిక గురించి ఎవరం ఆలోచించలేదు. మొదటి రోజు ఓడినా ఆ జట్టు ఊళ్లోనే ఉంది. ఇంకో రెండు మ్యాచ్‌లు దొరికాయి. బంగారం ఆ రెండిట్లోంచి వచ్చింది.

సరే, బాపు బాకీ. గ్రూపులో ఇద్దరికి పాయింట్లు సమానమైతే? ఎంసెట్లో, ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి, ఇద్దరికి ఒకే మార్కులొస్తే ముందు మ్యాథ్స్ చూస్తారు, అదీ సమానమైతే ఫిజిక్స్ చూస్తారు కదా. ఇక్కడా అట్లాంటి వరసే ఉంటుంది. ఏది ముందు చూడాలన్నది టోర్నీని బట్టి మారుతుంది. ప్రపంచ కప్‌లో ఇన్నాళ్లూ ముందు మొత్తం గోల్ డిఫరెన్స్ చూసేవారు. 2026 నుంచి ముందు ఆ ఇద్దరి మధ్య జరిగిన మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు. అందులో తేలకపోతేనే గోల్ డిఫరెన్స్, తర్వాత మొత్తం కొట్టిన గోల్స్, తర్వాత ఎల్లో, రెడ్ కార్డుల లెక్క, చివరికి ఫిఫా ర్యాంకింగ్. ఆసియా టోర్నీల్లోనూ ముఖాముఖి మ్యాచే ముందు.

చియాంగ్ మాయ్‌లో మన గ్రూపులో ఐదు జట్లు, ఆసియా కప్‌కు పోయేది ఒక్కటే. మంగోలియా మీద 13–0 తర్వాత తిమోర్ లెస్తే మీద 4–0, ఇరాక్ మీద 5–0. మూడు మ్యాచ్‌లకు మన లెక్క: 9 పాయింట్లు, 22 గోల్స్ కొట్టాం, ఒక్కటీ తినలేదు. థాయ్‌లాండ్ లెక్క? వాళ్లకూ 9 పాయింట్లు, గోల్ డిఫరెన్స్ అచ్చంగా 22! జూలై 5న రెండు జట్లకూ ఆఖరి మ్యాచ్, ఒకరితో ఒకరికి. డ్రా అయితే ముఖాముఖి సమానం, గోల్ డిఫరెన్స్ సమానం, కొట్టిన గోల్స్ సమానం. అప్పుడిక పెనాల్టీ కిక్స్‌తో తేల్చాలి. మంగోలియా మీద మనం పద్నాలుగో గోల్ కొట్టి ఉంటే ఆ రోజు డ్రా చేసుకున్నా చాలు. పన్నెండు దగ్గర ఆపి ఉంటే డ్రా మనకు చావుతో సమానం. ఫోన్ ముందు కూర్చుని జాలి పడ్డ మాకు అప్పటికి ఈ లెక్క తెలియదు, ఆడుతున్న వాళ్లకు తెలుసు. చివరికి ఆ అవసరం రాలేదు. ర్యాంకింగ్‌లో మనకంటే పైనున్న థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో కొట్టారు, రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. క్వాలిఫయర్లు ఆడి గెలిచి మన మహిళలు ఆసియా కప్‌కు వెళ్లడం అదే మొదటిసారి.

ఫోన్ చేసి ఈ లెక్క చెబితే బాపు కాసేపు ఆలోచించి, "అయితే ఇంకోటి కొట్టాల్సుండె" అన్నాడు. మనిషి మారిపోయాడు.

గోల్ డిఫరెన్స్ దెబ్బ పెద్దవాళ్లకూ తప్పదు. 2022 ఖతార్‌లో జర్మనీ, స్పెయిన్ ఒకే గ్రూపు. వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ 1–1. ఆఖరికి ఇద్దరికీ 4 పాయింట్లే. కానీ స్పెయిన్ మొదటి రోజే కోస్టారికాను 7–0తో చితక్కొట్టి పెట్టుకుంది. వాళ్ల డిఫరెన్స్ ప్లస్ 6, జర్మనీది ప్లస్ 1. నాలుగుసార్లు కప్పు గెలిచిన జర్మనీ గ్రూపులోనే ఇంటికి. 2018లో ఇంకా విచిత్రం. జపాన్, సెనెగల్ అన్నిట్లో సమానం. పాయింట్లు 4, కొట్టినవి 4, తిన్నవి 4, ఇద్దరి మధ్య మ్యాచ్ 2–2. చివరికి ఎల్లో కార్డులు లెక్కపెట్టారు. జపాన్‌కు నాలుగు, సెనెగల్‌కు ఆరు. జపాన్ పైకి, సెనెగల్ బయటికి. తమ చివరి మ్యాచ్‌లో పోలండ్ చేతిలో ఓడిపోతూ కూడా జపాన్ వాళ్లు చివరి పది నిమిషాలు బంతిని వాళ్లలో వాళ్లే తిప్పుకుంటూ కాలం గడిపారు. గెలవడానికి పోతే కార్డు పడొచ్చని భయం. స్టేడియమంతా అరిచింది. నాకైతే అందులో తప్పేం కనిపించలేదు. రూలు అట్లా రాసినోళ్లను అరవాలి.

రూలు పెట్టేటప్పుడు ఎవరూ ఊహించనిది ఆడేటప్పుడు బయటపడుతుంది. దీనికి అన్నిటికంటే చెడ్డ పేరున్నది 1982 స్పెయిన్ ప్రపంచ కప్‌లో హిహోన్ అనే ఊళ్లో జరిగిన మ్యాచ్. అల్జీరియాకు అదే మొదటి ప్రపంచ కప్. మొదటి మ్యాచ్‌లోనే పశ్చిమ జర్మనీని 2–1తో ఓడించి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించారు. వాళ్ల మూడు మ్యాచ్‌లు అయిపోయాయి. మరుసటి రోజు జూన్ 25న పశ్చిమ జర్మనీ–ఆస్ట్రియా. ఇద్దరికీ లెక్క తెలుసు. జర్మనీ ఒకటో రెండో గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ పైకి, అల్జీరియా బయటికి. పది నిమిషాలకే జర్మనీ ఒక గోల్ కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు ఆట లేదు. బంతి అటూ ఇటూ దొర్లించారు, అంతే. స్టాండ్స్‌లో అల్జీరియా వాళ్లు నోట్లు చూపించి ఊపారు. ఏ రూలూ ఉల్లంఘించలేదు కాబట్టి ఫలితం మారలేదు.

అప్పట్నుంచి ప్రపంచ కప్‌లో గ్రూపు ఆఖరి రెండు మ్యాచ్‌లు ఒకే రోజు, ఒకే టైముకు మొదలవుతాయి. జూన్‌లో మీరు టీవీ పెట్టినప్పుడు ఒకే గ్రూపువి రెండు మ్యాచ్‌లు ఒకేసారి వస్తుంటే "ఇదేం షెడ్యూల్రా" అని తిట్టుకోకండి, అది అల్జీరియా వాళ్లు కట్టిన మూల్యం. అన్నట్టు, ఈసారి డ్రాలో అల్జీరియా, ఆస్ట్రియా ఒకే గ్రూపులో పడ్డాయి. గ్రూప్ జె, పక్కన అర్జెంటీనా, జోర్డాన్. నేను ఆ మ్యాచ్ మాత్రం వదలను.

ఇక 2026 లెక్కలు. ఇన్నాళ్లూ 32 జట్లు, 64 మ్యాచ్‌లు. ఇప్పుడు 48 జట్లు. నాలుగేసి చొప్పున 12 గ్రూపులు. ఒక్కో గ్రూపులో ఆరు మ్యాచ్‌లు, మొత్తం 72. ప్రతి గ్రూపు నుంచి మొదటి ఇద్దరు పైకి, అంటే 24. కానీ 24తో నాకౌట్ గీత సరిగ్గా రాదు, సగం చేసుకుంటూ పోతే 12, 6, 3 దగ్గర ఇరుక్కుపోతుంది. రెండును రెండుతోనే గుణించుకుంటూ పోతే వచ్చే సంఖ్య కావాలి, 32 కావాలి. మిగిలిన ఎనిమిది సీట్లు మూడో స్థానంలో నిలిచిన పన్నెండు జట్లలో మెరుగైన ఎనిమిదింటికి ఇస్తారు. వీళ్లు ఒకరితో ఒకరు ఆడలేదు కాబట్టి ముఖాముఖి లేదు, పాయింట్లు, గోల్ డిఫరెన్స్, గోల్స్ వరసలో చూస్తారు. ఆపైన 32 నుంచి 31 మ్యాచ్‌లు, మూడో స్థానానికి ఒకటి. 72, 31, 1, మొత్తం 104. జూలై 19న న్యూజెర్సీలో ఫైనల్.

"మూడో స్థానం వాడికి కప్పు ఎట్లాగూ రాదు కదా, ఎందుకీ దయ?" అని మా రూమ్మేట్ అడిగాడు. 2016 యూరో కప్‌లో ఇదే పద్ధతి. పోర్చుగల్ మూడు మ్యాచ్‌లూ డ్రా. మూడు పాయింట్లతో గ్రూపులో మూడో స్థానం, హంగరీ, ఐస్‌లాండ్‌ల కింద. ఆ దయ మీదే పైకొచ్చి ఫైనల్లో ఫ్రాన్స్‌ను కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. మొత్తం టోర్నీలో 90 నిమిషాల్లోపు గెలిచింది ఒక్క మ్యాచే, వేల్స్ మీద. రూమ్మేట్ రొనాల్డో ఫ్యాన్, ఆ తర్వాత మాట్లాడలేదు. మార్చిలో మన మహిళలు ఆడే ఆసియా కప్‌లోనూ ఇట్లాగే, 12 జట్లు, మూడు గ్రూపులు, మూడో స్థానాల్లోంచి ఇద్దరికి క్వార్టర్‌ఫైనల్. జపాన్, వియత్నాం, చైనీస్ తైపీలతో ఒకే గ్రూపులో పడ్డ మనకు ఆ కిటికీ చాలా ముఖ్యం.

నాకౌట్‌లో డ్రా ఉండదు. 90 నిమిషాల్లో తేలకపోతే ఇంకో 30, అదీ తేలకపోతే చెరో ఐదు పెనాల్టీలు, ఆ తర్వాత ఒక్కొక్కటి. 2022 ఫైనల్ 3–3 అయి పెనాల్టీల్లో 4–2తో అర్జెంటీనా గెలిచిందని మీ అందరికీ తెలుసు.

మరి మనమెందుకు లేమంటే, 48 మందిలో ఒకరు కావడానికే వేరే టోర్నీ గెలవాలి, దాని పేరు క్వాలిఫయింగ్. ఆసియాలో అది రెండేళ్లకు పైగా సాగింది. మన పురుషులు రెండో రౌండ్లో ఖతార్, కువైట్, అఫ్గానిస్తాన్‌లతో ఒకే గ్రూపు. 2024 జూన్ 11న దోహాలో 1–0తో ముందున్నాం. బంతి గీత దాటి బయటికి పోయినట్టు స్పష్టంగా కనిపించినా ఖతార్ గోల్ ఇచ్చేశారు, ఆ తర్వాత ఇంకోటి పడింది. 1–2. మూడో స్థానం, ఇంటికి. ఆ రౌండ్లో మూడో స్థానానికి ఏ కిటికీ లేదు. లక్షన్నర జనాభా ఉన్న కురసావ్ ఈసారి ప్రపంచ కప్ ఆడుతోంది. మన జిల్లా జనాభాలో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంతకంటే రాస్తే ఏడుపొస్తుంది, వదిలేద్దాం.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే చెల్లె నోట్‌బుక్కు తెచ్చి ముందు పెట్టింది. జనవరి 26న జెండా వందనం అయ్యాక వాళ్ల స్కూలు గ్రౌండులో ఆడపిల్లల టోర్నమెంటు పెడుతున్నారట. పీఈటీ సారు షెడ్యూలు వేయమని దానికే అప్పగించాడు. షరతు ఒక్కటే, దానిదే: ఏ జట్టూ ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోకూడదు.

ఆరు జట్లు. మూడేసి చొప్పున రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో మూడు మ్యాచ్‌లు. ఆపైన రెండు సెమీస్, ఫైనల్. మొత్తం తొమ్మిది. ఒక్కో మ్యాచ్ అరగంట, మధ్యలో పది నిమిషాలు. తొమ్మిది నలభైలు 360 నిమిషాలు. పదింటికి మొదలుపెడితే నాలుగింటికి అయిపోతుంది. నేను మెచ్చుకునేలోపే "కానీ అన్నా" అంది. "ముగ్గురి గ్రూపుల ఆఖరి మ్యాచ్ ఇద్దరే ఆడతరు. మూడో జట్టు ఒడ్డున కూసొని సూస్తది. ఆ ఇద్దరు కుమ్మక్కైతే?"

అల్జీరియా సంగతి దానికి నేను చెప్పలేదు. దానికదే తట్టింది. సరిగ్గా ఈ భయం ఫిఫాకూ పట్టుకుంది. 2026కు వాళ్లు ముందు అనుకున్నది మూడేసి జట్ల 16 గ్రూపులే, 80 మ్యాచ్‌లు. 2023 మార్చిలో ఆ ఆలోచన మానేసి నలుగురేసి గ్రూపులకు మారారు. అది చెబితే చెల్లె మొఖం వెలిగింది గానీ సమస్య తీరలేదు, 24 మ్యాచ్‌లు పెంచే గ్రౌండు దాని దగ్గర లేదు.

బాపు అప్పటిదాకా పల్లీలు ఒలుస్తూ వింటున్నాడు. "ఫస్ట్ మ్యాచ్ ఓడినోళ్లనే రెండో మ్యాచ్ ఆడియ్యి" అన్నాడు. ఇద్దరం ఆగిపోయాం. ఓడిన జట్టు వెంటనే మూడో జట్టుతో ఆడితే దాని రెండు మ్యాచ్‌లూ అక్కడికే అయిపోతాయి. ఆఖరి మ్యాచ్‌కు మిగిలేది మొదటి రోజు గెలిచినవాళ్లు, మూడో జట్టు. ఓడిన జట్టు రెండోది కూడా ఓడితే ఆ ఇద్దరూ ఎట్లాగూ పైకి పోయినట్టే, కుమ్మక్కయ్యే అవసరమే లేదు. రెండోది గెలిస్తే మాత్రం ఇంకా ప్రమాదం ఉంది. మూడో జట్టు గట్టిగా గెలిస్తే ముగ్గురికీ మూడేసి పాయింట్లు, అప్పుడు గోల్ డిఫరెన్సే తేల్చాలి. చెల్లె పెన్సిల్‌తో మూడు పట్టికలు గీసి చూసింది. "మొత్తం పోలే, కానీ తగ్గింది" అంది. పీఈటీ సారుకు అదే చూపించింది.

నేను మళ్లీ హాస్టల్‌కు వచ్చేశాను. నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఐదు జట్లే ఖాయమయ్యాయట, ఆరోది ఇంకా దొరకలేదు. ఐదైతే గ్రూపులు అక్కర్లేదు, అందరూ అందరితో, పది మ్యాచ్‌లు, 400 నిమిషాలు. నాలుగూ నలభైకి అయిపోతుంది, వెలుతురు చాలు. కానీ ఒక్కో పిల్ల ఒక్క రోజులో నాలుగు మ్యాచ్‌లు ఆడాలి. అమ్మను పులిహోర ఎక్కువ కలపమని చెప్పిందట.